తల తిప్పితే పాట తిరగకూడదు

గదిని, గుడిని, గోష్ఠిగానాన్ని ఉన్నదున్నట్టు రెండు చెవుల్లోకి దింపాలన్న ప్రయత్నానికి దాదాపు నూటయాభై ఏళ్లు. మైకుల గుత్తులు, తల కదలికను పసిగట్టే హెడ్‌ఫోన్లు వచ్చాక అది సామాన్యుడి జేబులోకి చేరింది. ఇక తేలాల్సింది, ఎవరి చెవితో ఎవరి శబ్దాలు వింటామన్నదే.

కళ్లు మూసుకుని హెడ్‌ఫోన్లు తగిలించుకోవాలి. కుడి చెవి పక్కన కత్తెర కిచకిచలాడుతుంది. మెల్లగా మెడ వెనక్కి జరిగి ఎడమ చెవి దగ్గర తేలుతుంది. ఆ తర్వాత కరెంటు మిషను రొద. ఎవరో చెవిలో నోరు పెట్టి గుసగుసలాడతారు. మెడ మీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. కొందరైతే అప్రయత్నంగా చెవి తడుముకుంటారు. బార్బర్ షాపు పేరుతో ఇంటర్నెట్‌లో ఏళ్ల తరబడి చక్కర్లు కొడుతున్న, లక్షల మంది విన్న రికార్డింగు ఇది. ఉన్నది రెండు చానళ్లే. మామూలు స్టీరియో పాటలోనూ ఉండేవి అవే రెండు.

మొదటిసారి విన్నప్పుడు ఈ విలేకరి కూడా ఉలిక్కిపడిన మాట నిజం. రెండోసారి చిన్న చిలిపి పని చేయడంతో గారడీ గుట్టు బయటపడింది. కత్తెర కుడి పక్కన ఆడుతుండగా తలను గబుక్కున అటు తిప్పితే ఏం జరగాలి? కత్తెర ముఖం ముందుకు రావాలి. రాలేదు. తలతోపాటు కత్తెర, మిషను, గుసగుసలాడే మనిషి సహా సెలూన్ మొత్తం గిర్రున తిరిగి మళ్లీ కుడి చెవి పక్కనే నిలబడింది. గదిలో మనం లేము, గదే మన తలకు అతుక్కుని ఉందన్నమాట.

శబ్దాన్ని నిలువెత్తున పట్టుకోవాలనుకున్న ఇంజనీర్లందరినీ ఏడిపించిన చిక్కు ఇదే. దానికి జవాబు వెతికే క్రమంలోనే మైకు అనే ఒంటరి వస్తువు గుత్తిగా మారింది.

సెకనులో లక్షోవంతు

చెవులు రెండే అయినా మనిషి పైనా కిందా, ముందూ వెనకా కూడా వినగలడు. ఎలాగన్నది భౌతికశాస్త్రానికి పాత ప్రశ్నే. బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1907లో దానికి సగం సమాధానం చెప్పారు. కుడిపక్క నుంచి వచ్చే శబ్దం ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత పెద్దదైనా సెకనులో వెయ్యోవంతుకు మించదు. ఇంకా చెప్పాలంటే అందులోనూ మూడింట రెండు వంతులే. అయినా మెదడుకు అదే మహా ఎక్కువ. సెకనులో లక్షోవంతు తేడాను కూడా అది పసిగట్టగలదని ప్రయోగాలు చెబుతున్నాయి. ఇక కీచుమనే శబ్దాలకు తల అడ్డుగోడలా నిలుస్తుంది. అవతలి చెవిలో అవి తగ్గి వినిపిస్తాయి. ఈ రెండు తేడాలతో కుడి ఏదో ఎడమ ఏదో తేలిపోతుంది.

మిగతా సగం చెవి దొప్పది. దాని మడతలకు తగిలి చెదిరిన శబ్దంలో కొన్ని స్థాయులు బలపడతాయి, కొన్ని తెగిపోతాయి. కింది నుంచి వచ్చే శబ్దానికి ఒక తరహా కోత, పైనుంచి వచ్చేదానికి మరో తరహా. పుట్టినప్పటి నుంచీ మన మడతలతోనే కాపురం చేస్తున్నాం కాబట్టి ఏ కోత ఏ దిక్కుదో మెదడుకు కంఠతా వచ్చు. పొరుగువాడి చెవి దొప్ప మనకు తగిలిస్తే మాత్రం దారి తప్పుతాం. ఈ సంగతికి మళ్లీ వద్దాం.

ఇన్ని ఉన్నా ఒక అయోమయం మిగిలిపోతుంది. ఎదురుగా ఉన్న శబ్దం, వీపు వెనక ఉన్న శబ్దం రెండు చెవులకూ ఒకేసారి చేరతాయి. ఏది ముందో ఏది వెనకో ఎలా తెలియాలి? తల తిప్పడమే దారి. కుడికి తిప్పినప్పుడు ఎడమ చెవికి ముందుగా అందితే శబ్దం ఎదుట ఉన్నట్టు, కుడి చెవికి అందితే వెనక ఉన్నట్టు. జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ వాలక్ 1940లోనే ఈ విషయాన్ని ప్రయోగాలతో నిరూపించారు. పిలుపు విన్న మనిషి తెలియకుండానే మెడ కదిలించడం వెనక ఉన్న లెక్క ఇదే. హెడ్‌ఫోన్లు పాడుచేసింది సరిగ్గా ఈ లెక్కనే. ఎటు తిప్పినా ఏమీ మారకపోతే, శబ్దం బయట ఎక్కడో లేదని, తలకాయ లోపలే ఉందని మెదడు తీర్మానించుకుంటుంది. హెడ్‌ఫోన్లలో గాయకుడు నుదుటి లోపల ఎక్కడో కూర్చుని పాడుతున్నట్టు అనిపించడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి.

ఆస్కార్ అనే బొమ్మ

రెండు చెవులకు రెండు తీగలన్న ఆలోచన గ్రామఫోను రికార్డులు ఇల్లిల్లూ చేరకముందే పుట్టింది. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ ప్రదర్శనలో క్లెమెంట్ అడేర్ అనే ఇంజనీరు నగరంలోని ఒపేరా వేదిక అంచున వరసగా టెలిఫోన్ ట్రాన్స్‌మిటర్లు అమర్చారు. ప్రదర్శనశాలలో సందర్శకులు చెరో చెవికి ఒక రిసీవరు పెట్టుకుని విన్నారు. గాయకులు వేదిక మీద అటూ ఇటూ నడుస్తుంటే ఆ నడక చెవులకు తెలిసింది. విన్నవారిలో విక్టర్ హ్యూగో కూడా ఉన్నారు. తర్వాత థియేట్రోఫోన్ పేరుతో ఇది చందా కట్టి వినే వ్యాపారమైంది. నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ ఇంట్లో మంచం మీద నుంచే ఒపేరా విన్న చందాదారు.

అమెరికాలోని బెల్ లాబరేటరీస్ మరో అడుగు వేసింది. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో గాజు గది లోపల ఆస్కార్ అనే బొమ్మను కూర్చోబెట్టి, దాని చెవుల దగ్గర రెండు మైకులు బిగించారు. గది బయట హెడ్‌ఫోన్లు పెట్టుకున్న జనం ఆస్కార్ విన్నదే విన్నారు. అతని వెనక ఎవరైనా గుసగుసలాడితే వీళ్లు వెనక్కి తిరిగి చూసేవారు. హార్వీ ఫ్లెచర్ నాయకత్వంలో జరిగిన ఆ పరిశోధనకు వారసులే ఈనాటి డమ్మీ తలలు. జర్మనీకి చెందిన న్యూమన్ కంపెనీ 1973 నుంచి వీటిని తయారు చేస్తోంది. రబ్బరు చెవులు, చెవి లోపల మైకులు, జుట్టూ కళ్లూ లేని ఒక నల్లటి తల. స్టూడియోలో చూస్తే కాస్త భయమేస్తుంది.

ఆస్కార్‌కైనా అతని జర్మనీ బంధువులకైనా ఒకటే లోపం. వాళ్లు మెడ తిప్పరు. రికార్డు చేసిన రోజు ఎటు చూశారో ఎప్పటికీ అటే చూస్తుంటారు. వాళ్ల చెవులతో వినేవాళ్లూ అటే చూడక తప్పదు. రేడియో నాటకాలకు, నిద్ర పట్టించే గుసగుసల రికార్డింగులకు దాంతో ఇబ్బంది లేదు. గుడి ప్రాంగణంలో నిలబడ్డ అనుభూతి కావాలంటే మాత్రం చాలదు.

ఒక తలకు పదహారు చెవులు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ క్యాంపస్‌లో రాల్ఫ్ అల్గాజీ, రిచర్డ్ డ్యూడా, డెనిస్ థామ్సన్ 2004లో ప్రచురించిన పరిష్కారం వింటే ఇంత తేలికా అనిపిస్తుంది. మనిషి తలంత గోళం తీసుకోండి. దాని నడుం చుట్టూ, చెవుల ఎత్తులో, సమాన దూరాల్లో మైకులు అమర్చండి. మాటలకైతే 8, సంగీతానికైతే 16. అన్నిటినీ విడివిడిగా రికార్డు చేయండి. వినేవాడి హెడ్‌ఫోన్‌కు తల ఎటు తిరిగిందో చెప్పే చిన్న పరికరం తగిలించండి. అతను ఎటు తిరిగితే అటు, అతని చెవులు ఉండాల్సిన చోట ఉన్న రెండు మైకుల ధ్వనిని రెండు చెవులకూ పంపండి. చెవి రెండు మైకుల మధ్యకు వస్తే ఆ రెండింటినీ తగు పాళ్లలో కలపండి. అంతే. బొమ్మ మెడ తిప్పలేకపోతే ఏం, చుట్టూ చెవులే ఉన్నాయి కదా. ఇందులో మరో సుఖం ఉంది. ఒకే రికార్డింగును వంద మంది ఒకేసారి వింటూ ఎవరికి వారు వేర్వేరు దిక్కులకు తల తిప్పుకోవచ్చు.

మెలిక కలపడంలో ఉంది. తల చుట్టుకొలత సుమారు 55 సెంటీమీటర్లు అనుకుంటే 8 మైకుల మధ్య దూరం దాదాపు 7 సెంటీమీటర్లు. శబ్ద తరంగం పొడవు దానికి రెట్టింపు కన్నా తగ్గితే, అంటే సుమారు 2,500 హెర్ట్జ్ దాటితే, రెండు మైకుల ధ్వనులు కలిసినప్పుడు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. పళ్లెం మీద పళ్లెం పెట్టి గీసినట్టు ఒక లోహపు జీర వచ్చిపడుతుంది. మైకులు 16 చేస్తే ఆ హద్దు 5,000 దాకా జరుగుతుంది తప్ప పోదు. అందుకే డేవిస్ బృందం కింది స్థాయి ధ్వనులను కలిపి, పై స్థాయి ధ్వనులను మాత్రం ఒకే మైకు నుంచి తీసుకునే ఉపాయం ఎంచుకుంది. గోళానికి దొప్పలు లేవు కాబట్టి పైనా కిందా తేడా అంతగా తెలియదు. కానీ తల తిప్పితే గది నిలబడుతుంది. సెలూన్ పరీక్షలో పాసయినట్టే.

దీనికి ముప్పై ఏళ్ల ముందే ఇంగ్లండ్‌లో ఇంకో దారి తవ్వి పెట్టారు. ఆ కథ వేరు, కాస్త విషాదం కూడా. ఆక్స్‌ఫర్డ్ గణితవేత్త మైకేల్ గెర్జాన్‌కు టేపు రికార్డింగ్ పిచ్చి. విద్యార్థిగా టేప్ రికార్డింగ్ సొసైటీలో పరిచయమైన పీటర్ క్రావెన్‌తో కలిసి 1970ల మధ్యలో నాలుగు మైకులను నాలుగు ముఖాల పిరమిడ్ ఆకారంలో గుది గుచ్చారు. ఏ మైకు ఏ చెవికి అని ఆలోచించలేదు. ఆ బిందువు దగ్గర గాలి ఎంత అదురుతోంది, ముందువెనకలుగా ఎంత, కుడియెడమలుగా ఎంత, పైకిందులుగా ఎంత అని నాలుగు అంకెలుగా విడగొట్టారు. ఒకసారి అలా విడగొట్టాక శబ్దాన్ని ఎటంటే అటు తిప్పడం హైస్కూలు త్రికోణమితి పని. నాలుగు స్పీకర్లలో వినిపించినా పదహారింట్లో వినిపించినా మూలం ఒకటే. దానికి యాంబిసోనిక్స్ అని పేరు పెట్టారు.

బ్రిటిష్ ప్రభుత్వ సంస్థ నేషనల్ రీసెర్చ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఈ ఆవిష్కరణకు అండగా నిలిచింది. దురదృష్టం ఏమిటంటే అప్పుడే బజారులో నాలుగు స్పీకర్ల స్టీరియో పేరుతో మూడు నాలుగు కంపెనీలు ఒకదానితో ఒకటి పొసగని పద్ధతులు దించి, కొనుగోలుదారుల చేతులు కాల్చి వెళ్లిపోయాయి. ఆ బూడిదలో యాంబిసోనిక్స్ కూడా కలిసిపోయింది. కొన్ని స్టూడియోలు, కొందరు వీరాభిమానులు తప్ప దాని ఊసెత్తినవారు లేరు. గెర్జాన్ 1996లో, యాభై ఏళ్ల వయసులో చనిపోయారు.

ఆయన చనిపోయిన సరిగ్గా ఇరవై ఏళ్లకు, 2016 ఏప్రిల్‌లో, యూట్యూబ్ తన 360 డిగ్రీల వీడియోలకు చుట్టుముట్టే ధ్వనిని జోడించింది. వాడింది గెర్జాన్ నాలుగు అంకెల పద్ధతినే. అప్పటికి పేటెంట్ల గడువు తీరిపోయింది కాబట్టి ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. ప్రజాధనంతో పుట్టి, బజారులో ఓడి, చివరికి ప్రపంచంలోని అతి పెద్ద ప్రైవేటు వేదికకు ఉచితంగా అందిన ఆస్తి అది. ఇలాంటి ఉదాహరణలు రాజనీతి శాస్త్రం క్లాసులో పనికొస్తాయి. ఓటమికి కారణం శాస్త్రం కాదు, ఫోనూ హెడ్‌ఫోనూ అప్పటికి లేకపోవడం. నాలుగు స్పీకర్లు పెట్టుకునే ఇల్లు అందరికీ ఉండదు, చెవులు అందరికీ ఉంటాయి.

నాలుగు అంకెలు ఎంత దాకా సరిపోతాయి? అంత దూరమేమీ కాదు. రెండు చెవుల మధ్య దూరమంతా శబ్దాన్ని అచ్చు గుద్దినట్టు పునఃసృష్టి చేయాలంటే నాలుగు అంకెలతో 600 హెర్ట్జ్ దాటలేమని లెక్క.  అంకెలు పెరిగేకొద్దీ ఆ హద్దు పెరుగుతుంది. 4 తర్వాత 9, 16, 25. అమెరికాలో గ్యారీ ఎల్కో, జెన్స్ మేయర్ రూపొందించిన ఐగెన్‌మైక్ అనే బంతిలో 32 మైకులున్నాయి. దాని వ్యాసం 8.4 సెంటీమీటర్లు. ఇంచుమించు ఒక పెద్ద బత్తాయంత. దాన్నుంచి 25 అంకెలు రాబట్టవచ్చు. దాంతో హద్దు సుమారు 2,500 హెర్ట్జ్‌కు చేరుతుంది. మనిషి చెవి వినగలిగే 20,000 దాకా తప్పు లేకుండా పట్టుకోవాలంటే కావలసిన అంకెలు 1,089. అన్ని మైకులను తలకాయంత బంతి మీద అతికిస్తే వాటి మధ్య గాలి ఆడదు. అదృష్టవశాత్తూ మెదడుకు ఉదారగుణం ఎక్కువ. కింది స్థాయిలో ఆధారాలు సరిగ్గా ఉంటే, తల తిప్పినప్పుడు సుమారు 60 మిల్లీసెకన్ల లోపు దృశ్యం సర్దుకుంటే, మిగతా లోపాలను చూసీ చూడనట్టు వదిలేస్తుంది.

పొరుగువాడి దొప్ప

మైకుల బంతి పట్టుకొచ్చిన శబ్దాన్ని హెడ్‌ఫోన్లలో వినిపించాలంటే చివరి మజిలీలో ఒక చెవి కావాలి. ప్రతి దిక్కు నుంచీ వచ్చిన శబ్దం ఈ తలను, ఈ దొప్పను తాకి ఎలా మారుతుందన్న పట్టిక. ఎవరి చెవి పట్టిక? ఇక్కడే వ్యవహారం కాస్త ఇబ్బందికరంగా మారుతుంది.

ప్రయోగశాలల్లో అందరికన్నా ఎక్కువగా వాడిన తల పేరు కెమార్. 1972లో అమెరికాలో తయారైన ఈ బొమ్మ కొలతలు అక్కడి వయోజనుల సగటుకు తగ్గట్టు తీసుకున్నవి. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 1994లో దాని చెవులను 710 దిక్కుల నుంచి కొలిచి ఆ పట్టికను ఉచితంగా విడుదల చేసింది. ఆ తర్వాత ఎన్నో ఆటలు, పరికరాలు, పరిశోధన పత్రాలు దానిమీదే నిలబడ్డాయి. 2001లో డేవిస్ క్యాంపస్ 45 తలలను, ఒక్కోదాన్ని 1,250 దిక్కుల నుంచి కొలిచింది. పారిస్, వియన్నా వంతు ఆ తర్వాత. ఎక్కువగా ఉదహరించే జాబితాలో ముందుండే పేర్లివి. గుంటూరు మనిషి హెడ్‌ఫోన్లలో వినే వాన చప్పుడు చాలాసార్లు ఒక సగటు అమెరికన్ చెవి దొప్ప మీద పడి జారి వస్తున్నదే.

పరాయి చెవితో వింటే ఏమవుతుందో నాసా ఏమ్స్ కేంద్రంలో ఎలిజబెత్ వెంజెల్ బృందం 1993లోనే చూపించింది. కుడియెడమలు బాగానే తెలుస్తాయి. ముందూ వెనకా తారుమారవుతాయి, పైనా కిందా గల్లంతవుతాయి. యుద్ధ విమానపు పైలట్‌కు ఇది ప్రాణాంతకం, పాట వినేవాడికి చిరాకు.

మన చెవిని మనమే కొలిపించుకోవాలంటే ఒకప్పుడు నిశ్శబ్ద గదిలో గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. చెవిలో మైకు, చుట్టూ తిరిగే స్పీకరు. ముంబై ఐఐటీలో చదివి మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రమణి దురైస్వామి బృందం 2006లో దీన్ని తిరగేసింది. చిన్న స్పీకరును చెవిలో పెట్టి, చుట్టూ మైకుల పంజరం కట్టింది. శబ్దం వెళ్లే దారి, వచ్చే దారి ఒకటేనన్నది పాత సూత్రమే. కానీ దాన్ని ఇలా వాడటంతో గంటల పని సెకన్లలోకి వచ్చింది. ఆయన స్థాపకుల్లో ఒకరైన కంపెనీ సాంకేతికతను 2014లో ఆక్యులస్ సంస్థ తన వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ల కోసం లైసెన్సు తీసుకుంది. మన ప్రాంతానికి ఈ కథతో ఉన్న బంధుత్వం కూడా ఇక్కడే తగులుతుంది. ప్రతిధ్వనించే గదిలో ఒక మాట ఏ మైకుకు ఎంత ఆలస్యంగా చేరిందో కనిపెట్టడంపై దురైస్వామి 2005 నాటి పత్రానికి సహ రచయితైతే, మొదటి రచయిత అప్పట్లో మద్రాస్ ఐఐటీలో ఉండి తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకి వచ్చిన ఆచార్య బి. యజ్ఞనారాయణ. కాన్పూర్ ఐఐటీలో రాజేశ్ హెగ్డే బృందమూ గోళాకారపు మైకుల గుత్తులపై పత్రాలు వెలువరించింది. మెదళ్లకు కొదవ లేదన్నమాట. కొలవాల్సింది మన చెవులనే.

ఫోను కంపెనీలు ఈలోగా దగ్గరి దారి పట్టాయి. సోనీ 2019 నుంచి చెవి ఫొటో అడుగుతోంది. ఆపిల్ 2020లో తల కదలికను పసిగట్టే ఇయర్‌ఫోన్లకు స్పేషియల్ ఆడియో తగిలించి, 2022లో ఫోను కెమెరాతో చెవులను స్కాన్ చేసే సదుపాయం ఇచ్చింది. ఇక్కడో మాట చెప్పుకోవాలి. స్పేషియల్ ఆడియో ముద్రతో అమ్ముడవుతున్న పాటల్లో చాలావాటికి ఏ చోటుతోనూ సంబంధం లేదు. వేర్వేరు రోజుల్లో వేర్వేరు బూత్‌లలో పాడిన, వాయించిన ముక్కలను ఇంజనీరు కంప్యూటర్ తెర మీద చుట్టూ పేర్చి పెట్టినవే. తప్పేం కాదు. కానీ అది అలంకరణ. మైకుల గుత్తి చేసేది సాక్ష్యం నమోదు.

దారి చూపే శబ్దం, పొంచి వినే మైకు

ఈ విద్య అవసరం అందరికన్నా ఎక్కువగా ఉన్నది అంధులకు. మైక్రోసాఫ్ట్ 2018లో సౌండ్‌స్కేప్ అనే యాప్ తెచ్చింది. దాని వెనక ఉన్న ఏమస్ మిల్లర్ స్వయంగా చూపు లేని వ్యక్తి. కుడికి తిరగండి అని అది ఆజ్ఞాపించదు. బస్టాపు ఎటుందో అటు నుంచే ఒక చప్పుడు వినిపిస్తుంది. తల తిప్పినా ఆ చప్పుడు అక్కడే ఉంటుంది. నడిచేవాడు తన దారి తనే ఎంచుకుంటాడు. ఐదేళ్లు నడిచాక 2023లో కంపెనీ దాన్ని మూసేసి, ప్రోగ్రాం కోడ్‌ను జనానికి వదిలేసింది. అలవాటు పడినవారికి అకస్మాత్తుగా ఒక ఇంద్రియం ఊడబెరికినట్టయింది. ఇతర బృందాలు ఆ కోడ్‌తో కొత్త యాప్‌లు తెచ్చాయి కానీ, వీధిలో నడక అనే ప్రాథమిక హక్కు ఒక కంపెనీ ప్రాధాన్యాల పట్టిక మీద ఆధారపడి ఉండటం మింగుడుపడని విషయం.

గుత్తికి మరో ముఖం ఉంది. వందల మైకుల ధ్వనిని తగు ఆలస్యాలతో కలిపితే గుంపులో ఒక్క గొంతును ఏరుకోవచ్చు. నార్వే సంస్థ స్క్వేర్‌హెడ్ 2010లో చూపిన పరికరంలో మూడు వందలకు పైగా మైకులు, ఒక కెమెరా ఉన్నాయి. స్టేడియం పైకప్పుకు వేలాడదీసి, కోచ్ ఆటగాడితో ఏమన్నాడో వినొచ్చు. అన్ని మైకులూ విడిగా రికార్డవుతాయి కాబట్టి, ఎవరి మాట కావాలో ఆట ముగిశాక తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు. కోచ్ స్థానంలో ధర్నా చౌక్‌లో కూర్చున్న మనిషిని ఊహించుకుంటే సంగతి అర్థమవుతుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది సభ్యుల ధర్మాసనం 2017లో తేల్చింది. నడివీధిలో గుసగుసకు ఆ హక్కు ఎంతవరకు వర్తిస్తుందో ఇంకా ఎవరూ గట్టిగా అడగలేదు.

గుంపు గొంతు

మన దగ్గర ఈ విద్యకు పని లేదా అంటే, బోలెడంత ఉంది. త్రిసూర్ పూరంలో వడక్కునాథన్ గుడి ఆవరణలో జరిగే ఇలంజితర మేళంలో రెండు వందలకు పైగా కళాకారులు చెండలు, తాళాలు, కొమ్ములు, కుళల్‌లతో వరసలు తీరి నిలబడతారు. రెండు గంటలకు పైగా సాగే ఆ హోరులో జనం ఎక్కడ నిలబడితే వాళ్ల మేళం అది. ఒక చోట నిలబడ్డవారికి కుళల్, మరో చోట నిలబడ్డవారికి కొమ్ములు. ఆస్కార్ గ్రహీత రసూల్ పూకుట్టి ఆ ధ్వనిని పట్టే ప్రయత్నం మీద 2019లో ఒక సినిమాయే వచ్చింది, ది సౌండ్ స్టోరీ పేరుతో. టీవీలో చూసినవారికి ఆ మేళం ఒక పెద్ద రొదగా మిగిలిపోవడానికి కారణం కళాకారులు కాదు, రెండే చానళ్లు.

తెలుగువారికి ఇంకా దగ్గరి ఉదాహరణ కావేరీ తీరంలో ఉంది. ఏటా పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి దగ్గర పంచరత్న కీర్తనల గోష్ఠి. ఐదింటిలో నాలుగు తెలుగు. విద్వాంసులు, విద్యార్థులు ఎదురెదురుగా వరసల్లో కూర్చుని ఒక్క గొంతుతో పాడతారు. ఆడవారికి అక్కడ కూర్చుని పాడే చోటు కోసం బెంగళూరు నాగరత్నమ్మ ఎంత పోరాడారో తెలిసిందే. ప్రసారాల్లో మనకు ప్రధానంగా వినిపించేది మాత్రం మైకుకు దగ్గరగా కూర్చున్న ముందు వరుస గొంతులు. వెనక వరసలో కూర్చుని, చరణం అందుకోవడంలో అర తాళం తడబడి, పక్కవారి అండతో సర్దుకున్న గొంతు ఎక్కడా నమోదు కాదు. నిజానికి గోష్ఠి అంటే అదే. రెండు వరసల నడుమ, కూర్చున్న మనిషి తల ఎత్తులో 32 మైకుల బంతి ఒకటి పెడితే, న్యూజెర్సీలో ఉన్న శ్రోత ఎడమకు తిరిగి ఒక వరసను, కుడికి తిరిగి రెండో వరసను వినొచ్చు. తనూ గొంతు కలపొచ్చు.

పోగొట్టుకున్నాక విలువ తెలిసిన కథ పారిస్‌ది. నోత్రదామ్ చర్చిలో 2013 ఏప్రిల్‌లో జరిగిన ఒక కచేరీని నలభైకి పైగా మైకులతో రికార్డు చేశారు. ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థకు చెందిన బ్రయన్ కాట్జ్ బృందం 2015లో ఆ కట్టడంలో శబ్దం ఎలా మోగుతుందో, ఎంతసేపటికి చల్లారుతుందో కొలిచి పెట్టుకుంది. ఆ కొలతలతో కంప్యూటర్‌లో చర్చి నమూనా తయారు చేసి, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నవారు కచేరీ జరుగుతుండగా స్తంభాల మధ్య తిరిగేలా చేసింది. వినోదం కోసం చేసిన పని అది. 2019 ఏప్రిల్ 15న పైకప్పు కాలి కూలింది. మర్నాటి నుంచి ఆ అంకెలే పునర్నిర్మాణానికి కొలబద్ద. మంటల తర్వాత లోపలికి వెళ్లి కొలిస్తే మోత నిలిచే సమయం సుమారు 20 శాతం తగ్గినట్టు తేలింది. పైకప్పు చిల్లుల్లోంచి శబ్దం ఆకాశంలోకి పోతోంది మరి. 2024 డిసెంబర్‌లో చర్చి మళ్లీ తెరుచుకున్నప్పుడు రాయి, చెక్క పాతవాటికి దీటుగా ఉన్నాయా అని చూసినట్టే, ధ్వని ఉందా అని కూడా పోల్చి చూడగలిగే స్థితిలో వాళ్లున్నారు.

మనకూ అలాంటి తరలింపులున్నాయి. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోతుందని నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, ఇక్ష్వాకుల కాలపు రంగస్థలాన్ని అనుపు దగ్గర మళ్లీ నిలబెట్టారు. మెట్ల మధ్య నిలబడి మాట్లాడితే పైవరస దాకా వినిపిస్తుందని చూడవచ్చిన వారు ఇప్పటికీ పరీక్షించుకుంటారు. శ్రీశైలం జలాశయం కోసం కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురంలో కట్టారు. రాళ్లు చక్కగా కుదిరాయి. ధ్వని కూడా పాతదే కుదిరిందా అని పోల్చుకోవడానికి పాత చోటుకు వెళ్లే వీల్లేదు, అది నీళ్ల కింద ఉంది.

గోల్కొండ ఇంకా నీళ్ల పైనే ఉంది. ఫతే దర్వాజా కమాను కింద కొట్టిన చప్పట్లు అంత దూరాన, కొండ మీది బాలా హిస్సార్ దగ్గర వినిపించడం హైదరాబాద్ చూడవచ్చిన ప్రతివారికీ గైడు చేసి చూపే ముచ్చట. ఆ చప్పట్ల దారిని కొలిచి దాచుకోవడానికి కావలసింది కొన్ని పదుల వేల రూపాయలకు దొరికే నాలుగు మైకుల రికార్డరు, ఒక స్పీకరు, పురావస్తు శాఖ అనుమతి, ఒక నిశ్శబ్దమైన ఉదయం. మొదటి మూడూ సంపాదించొచ్చు. ఇటు లంగర్‌హౌస్, అటు టోలీచౌకి హారన్ల మధ్య నాలుగోది దొరకడానికి తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లాలి.